ఆ నెల సభ జరగలేదు

చిన్నీ,

మన వంశచరిత్ర పుస్తకం కోసం నువ్వు రాసి పంపిన రెండు పేజీలూ మూడుసార్లు చదివాను. మొదటిసారి మురిసిపోయాను. రెండోసారి అక్షరదోషాలు దిద్దాను (ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన చెయ్యి ఊరుకోదు). మూడోసారి నీ నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను. "బాల్యవివాహాలకు వ్యతిరేకంగా గొంతెత్తిన తొలితరం మహిళల్లో మా తాతమ్మ ఒకరు" అని రాశావు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా దాన్ని అలాగే అచ్చుకు ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు. ఎందుకో ఫోనులో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టి, అసలు సంగతికి రాలేక పక్కింటివాళ్ళ కబుర్లు చెప్పి పెట్టేశాను. ఇలాంటివి నాకు కాగితం మీదే కుదురుతాయి.

ముందు గాజుల సంగతి తేల్చేస్తాను. వంశచరిత్ర పుస్తకం అనగానే మామయ్యలందరూ నీకు మొదట పంపేది ఆ కథే. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు కాకినాడ వచ్చారు. ఆడవాళ్ళకు వేరే సభ జరిగింది. అది జరగడానికి కారణం పన్నెండో ఏడు నడుస్తున్న దుర్గాబాయి. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ ఆవిడే. దేవదాసీలూ ఘోషా స్త్రీలూ కూడా గాంధీగారి మాట వినాలని ఆ పిల్ల పట్టుబట్టింది. అయిదు వేల రూపాయలు పోగుచేస్తే చూద్దామని పెద్దలంటే, నిజంగానే పోగుచేసింది. ఆయన హిందీలో మాట్లాడుతుంటే పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. ఆ సభలో మన తాతమ్మ చేతి గాజులు తీసి ఇచ్చిందన్నది ఇంటి కథ. నా చిన్నప్పుడు అవి రెండు జతలు. పెద్ద మామయ్య చెప్పేనాటికి పన్నెండు గాజులూ, ఒక ఒడ్డాణమూ అయ్యాయి. మొన్నటి పెళ్ళిలో ఎవరో కంటె కూడా కలిపారు. ఇంకో ఇరవై ఏళ్ళు ఆగితే ఆవిడ ఏడువారాల నగలూ ఇచ్చేస్తుంది.

తాతమ్మ భర్త, వకీలు తాతయ్య జమాఖర్చుల పుస్తకం నా దగ్గరుంది. ఆ ఏప్రిల్ పేజీలో ఉన్నది ఇంతే: "గాంధిగారి నిధికి గాజులు జత 1." మరుసటి నెలలోనూ, ఆపై నెలలోనూ కంసాలి పద్దు లేదు. అంటే ఆ జత స్థానంలో ఇంకో జత చేయించలేదు. ఆవిడకు అప్పుడు పాతికేళ్ళు, కడుపుతో ఉంది. ఇంట్లో అత్తగారుంది. ఎవరినీ అడగకుండా ఒక జత తీసి ఇచ్చి, మట్టిగాజులతో ఇంటికి రావడం తక్కువేమీ కాదు. నీ పుస్తకంలో ఒక జత అనే రాయి. మామయ్యలు అలిగితే నా పేరు చెప్పు.

ఆ కడుపులో ఉన్నదే మా అమ్మమ్మ. ఆ ఆగస్టులో పుట్టింది.

1923 కాంగ్రెసు మహాసభలో తాతమ్మ వాలంటీరుగా పనిచేసిన మాట నిజమే. బ్యాడ్జీ కూడా చాలాకాలం ఇనప్పెట్టెలో ఉండేది, తర్వాత ఎటుపోయిందో ఎవరూ ఒప్పుకోరు. కానీ టికెట్టు లేదని నెహ్రూగారిని ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో దుర్గాబాయి ఆపినప్పుడు ఆమె పక్కన తాతమ్మ కూడా ఉందని చిన్న మామయ్య రాసి పంపుతాడు చూడు, అది తీసెయ్. ఆ రోజు ఆ గుమ్మం పక్కన నిలబడి ఉన్నామని చెప్పుకొనేవాళ్ళందరూ నిజంగా ఉండి ఉంటే గుమ్మం పట్టేది కాదు.

ఇక తాతమ్మ నడిపిన స్త్రీల సమాజం. ఊళ్ళో ఆవిడకు పేరు తెచ్చింది అదే. వకీలు తాతయ్యగారి మేడమీద గదిలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కూడేవారు. వంటిల్లు సర్దుకున్న తర్వాత, మగవాళ్ళు కోర్టు నుంచి తిరిగి వచ్చేలోపు అన్నమాట. తకిలీ మీద నూలు వడుకుతూ ఉంటే ఒకరు పత్రిక పైకి చదివేవారు. 1928 నుంచి మద్రాసులో కేసరిగారి గృహలక్ష్మి వస్తుండేది కదా, అది వచ్చిన రోజు నూలు తక్కువ, మాటలు ఎక్కువ. హిందీ పాఠాలు, కుట్టుపని, నెలకోసారి ఉపన్యాసం. 1926 నుంచి అధ్యక్షురాలు తాతమ్మే. కూరగాయలమ్మే మనిషి కూడా "సమాజం అమ్మగారు" అనేవాడట. ఆవిడ చదువు వీధిబడిలో మూడో తరగతి. మిగిలింది తాతయ్యగారు రాత్రిపూట దీపం దగ్గర చెప్పినది. తొమ్మిదో ఏట పెళ్ళి, పదమూడో ఏట కాపురం. ఆ సంగతి ఉపన్యాసాల్లో దాచేది కాదు.

సమాజం మినిట్సు పుస్తకం కూడా నాకే వచ్చింది. ఎర్ర కాలికో అట్ట, లోపల పురుగులు తిన్న అంచులు. తాతమ్మ చేతిరాత గుండ్రంగా, బియ్యపుగింజలు పేర్చినట్టుంటుంది. 1929 అక్టోబరులో ఒక పేజీ నిండా శారదా చట్టం గురించే. (అమ్మమ్మ చాలాకాలం శారద అంటే ఎవరో ఆడమనిషి అనుకుందట. అజ్మీరుకు చెందిన హరవిలాస్ శారదాగారు మీసాలున్న మగవాడని తెలిసి నిరాశపడిందట.) ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేయకూడదు, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. సభ్యులందరూ హర్షం వెలిబుచ్చుతూ తీర్మానం చేశారు. తర్వాత అధ్యక్షురాలి ప్రసంగం సారాంశం ఉంది. అందులో ఆవిడ చట్టాన్ని తూర్పారబట్టింది కూడా. నేరానికి తండ్రికి ఒక నెల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా. స్త్రీకి మాత్రం జైలుశిక్ష వేయకూడదని మినహాయింపు. దాని మీద ఆవిడ మాట ఇది: "తల్లి కన్నీరు కార్చుచునే పసుపు కొట్టును. ఆమెకును శిక్ష ఉండవలసినదే." వకీలు భార్య కదా, సెక్షన్లన్నీ కంఠతా వచ్చు.

చట్టం ఆమోదం పొందినప్పటి నుంచి అమలయ్యేలోపు ఆరు నెలల వ్యవధి ఉంది. ఆ ఆరు నెలల్లో దేశమంతా పెళ్ళిళ్ళ వెల్లువే. ఉయ్యాలలో పిల్లలకు కూడా ముడిపెట్టేశారు. మన వీధిలోనే ఆ మాఘ ఫాల్గుణాల్లో వరసగా పందిళ్ళు పడ్డాయని అమ్మమ్మ చెప్పేది. తాతమ్మ ఒక్క పెళ్ళికీ వెళ్ళలేదు. పేరంటానికి పిలవడానికి వచ్చిన వాళ్ళకు కుంకుమ పెట్టి, "మీ పిల్ల ఈడేరాక పిలవండి, వస్తాను" అనేదట. ఊళ్ళో ఎంత మంది నొచ్చుకుని ఉంటారో ఆలోచించు. ఆ ధైర్యం నిజమైనది. దాన్ని నేను తక్కువ చేయడం లేదు.

ఇప్పుడు మినిట్సు పుస్తకంలో 1932 ఫిబ్రవరి పేజీ. ఒకే ఒక్క వాక్యం: "అధ్యక్షురాలు స్వంత పనిమీద పొరుగూరు వెళ్ళియుండుటచే ఈ నెల సభ జరుగలేదు."

పొరుగూరు యానాం.

నీకు తెలుసు కదా, కాకినాడ నుంచి కోరంగి, తాళ్ళరేవు దాటితే యానాం. ఇప్పుడు బస్సులో గంట పని. అప్పుడది ఫ్రెంచివాళ్ళది. ఇంగ్లీషువాళ్ళ చట్టం అక్కడ చెల్లదు. కాబట్టి గోదావరి జిల్లాల నుంచి బండ్లు కట్టుకుని, పదేళ్ళ పెళ్ళికూతుళ్ళను ఎక్కించుకుని అక్కడికి వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకుని వచ్చేవారు. ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయంటే ఆ ఊరికి కల్యాణపురం అని పేరే వచ్చింది. వినడానికి ముచ్చటైన పేరు.

అమ్మమ్మకు అప్పటికి పదకొండో ఏడు నడుస్తోంది. రాత్రి భోజనాలయ్యాక మూడు గూడుబండ్లు బయలుదేరాయి. కోరంగిలో పడవలు చూపిస్తామని చెప్పారట. ఆమె నిద్రపోయింది. తెల్లవారి లేచేసరికి బండి ఆగి ఉంది, ఎవరో సామాన్లు తడిమి చూస్తున్నారు. ఇది ఫ్రెంచివాళ్ళ ఊరని నాన్న చెబితే, తెల్లవాళ్ళు కనిపిస్తారని గూడులోంచి తల బయటపెట్టి చూసిందట. అందరూ మనవాళ్ళే, అందరూ తెలుగే మాట్లాడుతున్నారు. ఆ నిరాశ చెప్పి నవ్వేది. ఆ తర్వాతది చెప్పేటప్పుడు నవ్వేది కాదు.

ఒక సత్రం గదిలో తాతమ్మ ఆమెకు తల దువ్వి, జడ వేసి, పూలు పెడుతోంది. అప్పుడు అమ్మమ్మ అడిగింది: "అమ్మా, సభలో వద్దని చెప్పావు కదా?" ఎదురు తిరిగి కాదు. ఎక్కాలలో ఏదో పొరపాటు పడ్డ పిల్ల అడిగినట్టు అడిగిందట. తాతమ్మ చేతులు ఆగాయి. తర్వాత "తల వంచుకో, పూలు జారుతున్నాయి" అంది. అంతే. జీవితాంతం ఆ ప్రశ్నకు వాళ్ళిద్దరి మధ్య వచ్చిన జవాబు అదొక్కటే.

ఎందుకు చేసింది? మామయ్యల లెక్కల్లో అత్తగారు చేయించింది. నిజమే, అత్తగారు మంచంపట్టి ఉంది, వంశంలో ఈడేరాక పెళ్ళి లేదని పట్టుపట్టింది. వరుడి వారూ మంచివారు, మళ్ళీ అలాంటి సంబంధం దొరకదన్నారు. అమ్మమ్మ వెనుక ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నారు. పెద్దదాన్ని ఆపితే వాళ్ళకు సంబంధాలు రావన్నారు. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. కానీ యానాం ఎందుకు అన్న ప్రశ్నకు ఇవి జవాబు కావు. శారదా చట్టం కింద కేసులు పడేది చాలా తక్కువ. ఫిర్యాదు చేసేవాడే వంద రూపాయల దాకా పూచీ రాయవలసి వచ్చేది. మన వీధిలో చేసిన పెళ్ళిళ్ళకు ఎవరూ జైలుకు వెళ్ళలేదు. వాళ్ళు కాకినాడలోనే చేసి ఉండవచ్చు. గూడుబండ్లు కట్టింది చట్టానికి భయపడి కాదు, ఊరికి భయపడి. పందిరి వేస్తే సమాజం అమ్మగారి గుమ్మంలో పందిరి కనిపిస్తుంది. "మీ పిల్ల ఈడేరాక పిలవండి" అనిపించుకున్న వాళ్ళంతా వరసగా వచ్చి చూస్తారు. నాకు ఆవిడ మీద కోపం వచ్చేది పెళ్ళి చేసినందుకు కాదు, చిన్నీ. పడవలు చూపిస్తామని చెప్పినందుకు.

అదే ఊళ్ళో, ఎనిమిదో ఏట పెళ్ళయిన దుర్గాబాయి ఈడు వచ్చాక కాపురానికి వెళ్ళనని చెప్పగలిగింది. ఆమె వెనుక ఇంట్లోవాళ్ళు నిలబడ్డారు. అమ్మమ్మ వెనుక నిలబడవలసిన మనిషి పూలు సర్దుతోంది.

మార్చిలో సభ జరిగింది. విషయం: చక్కెర మానివేయుట వలన ఆరోగ్య లాభములు. ఏప్రిల్‌లో హరికథ. మే నెలలో పచ్చళ్ళు. తాతమ్మ ఆ తర్వాత మూడేళ్ళు పెళ్ళిళ్ళ గురించి సభలో మాట్లాడినట్టు ఒక్క వాక్యం లేదు. ఊరికి తెలుసో లేదో తెలియదు. తెలిసే ఉంటుంది. అధ్యక్షురాలిని మాత్రం ఎవరూ మార్చలేదు. బహుశా అందరి ఇళ్ళలోనూ ఏదో ఒక పొరుగూరు ఉండి ఉంటుంది.

అమ్మమ్మ పద్నాలుగో ఏట కాపురానికి వెళ్ళింది. అప్పటికి హిందీలో ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలు మూడూ పాసయింది. అందుకోసం కాపురానికి పంపడం రెండుసార్లు వాయిదా వేయించింది తాతమ్మే. వియ్యాలవారితో పెద్ద మాటలే పడిందట. పదిహేనో ఏట మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. రెండు రోజులు నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది. దొరసాని డాక్టరు కోసం మనిషిని పంపి, ఆవిడ వచ్చేసరికి బిడ్డ పోయింది. ఆ రెండు రోజులూ తాతమ్మ గది బయట గడప పక్కన కూర్చుని ఉందని, లోపలికి రాలేదని, తకిలీ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉందని అమ్మమ్మ చెప్పింది.

అది 1936. ఆ సెప్టెంబరు మినిట్సులో తీర్మానం: ఊళ్ళో శిక్షణ పొందిన మంత్రసానిని సమాజం ఖర్చుతో నియమించాలి, నెలజీతం కోసం చందాలు వసూలు చేయాలి. ప్రతిపాదించినది అధ్యక్షురాలు. మొదటి చందా ఆవిడదే, ఈసారి గాజులు రెండు జతలు. (మామయ్యల రెండు జతలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు అర్థమైంది కదా. సభ మారిపోయింది, అంతే.) ఎందుకు ఈ తీర్మానం అన్నచోట "పట్టణమందలి స్త్రీల అవస్థలను గమనించి" అని ఉంది. ఏ స్త్రీ, ఏ ఇంటి స్త్రీ అన్నది లేదు. ఆ మంత్రసాని చేతిలో ఆ తర్వాత పుట్టినవాళ్ళలో మా అమ్మ ఒకతె, 1938లో. ఇది ప్రాయశ్చిత్తం అని చిన్న మామయ్య అంటాడు. నాకు ఆ మాట మరీ తేలిగ్గా అనిపిస్తుంది. పరిహారంగా చేసిన పని అయితే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆవిడ ఆగలేదు, చందాల పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతూనే ఉంది.

నాకు ఆవిడ గుర్తుంది. 1966లో పోయింది, అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. వాలుకుర్చీ, గుండ్రటి కళ్ళద్దాలు, మణికట్టుకు మగవాళ్ళ గడియారం. నా చేత పోస్టుకార్డులు రాయించేది. ఒక తప్పు పడితే కార్డు చింపకుండా అదే కార్డు మీద కొట్టివేసి దిద్దమనేది, "తప్పు కనిపించనీ" అనేది. పెరట్లో పనిచేసే మనిషికి మాత్రం దాహమేస్తే పైనుంచి దోసిట్లో నీళ్ళు పోసేవారు, ఖద్దరు కట్టిన ఇంట్లోనే. నేను అడిగితే అమ్మ నా నోరు మూసింది. ఇది కూడా రాస్తావో లేదో నీ ఇష్టం. రాయమనే నా ఓటు.

అమ్మమ్మ మాత్రం నీకు గుర్తుండాలి. నీకు పదమూడేళ్ళు వచ్చేదాకా ఉంది. శెలవుల్లో నీకు జడ వేసేది కదా, ఒకసారి జ్ఞాపకం చేసుకో. నిన్ను ఎప్పుడైనా తల వంచమన్నదా? నన్నూ అనలేదు. తనే మోకాళ్ళ నొప్పులతో లేచి, చుట్టూ తిరిగి, గడ్డం కింద చెయ్యి పెట్టి తల పైకెత్తి పూలు పెట్టేది. నాకు ఆ సత్రం గది కథ చెప్పేదాకా అదేదో ఆమె పద్ధతి అనుకున్నాను.

ఆ కథ ఆమె నాకు చెప్పింది 1988లో, యానాంలోనే. నీకప్పుడు రెండేళ్ళు, నా ఒళ్ళో నిద్రపోతున్నావు. "ఒకసారి చూడాలనుంది" అని తనే బయలుదేరదీసింది. వేంకటేశ్వరస్వామి గుడి దాకా వెళ్ళాం. లోపలికి రానంది. చెప్పులు విప్పకుండా బయట అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పింది, పడవల నుంచి పూల దాకా. తర్వాత గోదావరి గట్టుకు తీసుకువెళ్ళమంది. గౌతమి నిండుగా ఉంది. అక్కడ పడవలు కట్టేసి ఉంటే చాలాసేపు చూసింది. "ఇవేనన్నమాట" అంది. నాకు ఏమనాలో తోచక గోలీసోడా కొనిచ్చాను. తాగలేదు, చేతిలో పట్టుకుని కూర్చుంది.

తాతమ్మను ఆమె క్షమించిందా అని నువ్వు అడుగుతావు. తెలియదు. తాతమ్మ చివరి ఆరు నెలలూ మంచం దగ్గర ఉండి చేసింది ఆమే. తలకు నూనె రాసి, పలచబడ్డ ఆ జుట్టు ముడివేసేది. నేను చూశాను. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

కాబట్టి నీ నాలుగో వాక్యం తీసేయవద్దు, దాని కింద 1932 ఫిబ్రవరి నాటి మినిట్సు వాక్యం ఉన్నదున్నట్టు వేయి. అప్పటి భాష మార్చకు. పొరుగూరు ఏదో తర్వాతి పేరాలో చెప్పు. పెద్ద మామయ్య ఫోను చేసి ఇంటి గుట్టు అంటాడు, అనుకో. ఆయనతో నేను మాట్లాడతాను. అమ్మమ్మ నాకు చెప్పింది దాచమని కాదు. దాచమని ఉంటే యానాం దాకా తీసుకువెళ్ళేదా?

మినిట్సు పుస్తకం, జమాఖర్చుల పుస్తకం రెండూ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. పేజీలు విరిచి తెరవకు, కాలికో ఊడుతుంది. ఫొటోలు తీశాక వెనక్కి పంపు. సమాజం గ్రూపు ఫొటోలో మధ్యలో కుర్చీలో కూర్చున్నది తాతమ్మ. ఎడమ చివర, నేల మీద, కెమెరా వంక చూడకుండా పక్కకు చూస్తున్న పిల్ల అమ్మమ్మ. ఫొటో కింద పేర్లలో ఆమెది లేదు. చేర్చు.

అమ్మ